వణుకుతుండగానే దింపాలి: క్యారమెల్ కస్టర్డ్‌తో నా అనుభవం

నాన్నకి దవడ పళ్ళు తీశాక డాక్టరు కొన్నాళ్ళపాటు నమిలే పని లేనివే తినమన్నారు. మెత్తగా, చప్పగా ఉన్నవే తిని తిని ఆయనకు విసుగొచ్చింది. "తియ్యగా ఏదైనా చెయ్యి తల్లీ, మింగితే చాలు, నమలక్కర్లేకుండా" అన్నారు. అప్పుడు మొదలుపెట్టాను క్యారమెల్ కస్టర్డ్. గిన్నె అడుగున ముదురుగా కాచిన పంచదార పాకం (అదే క్యారమెల్), దాని మీద పాలు, గుడ్ల మిశ్రమం పోసి గడ్డకట్టించి, పళ్ళెంలోకి బోర్లించి తినేది. పాలు, గుడ్లు, పంచదార, కాస్త వెనిల్లా. ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. మా ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి స్టవ్ మీద, ఆవిరితోనే చెయ్యాలి.

ఇంత తక్కువ సామాన్లతో అయ్యేది కదా, అరగంట పని అనుకుంటాం. వంటకం రాసినవాళ్ళందరూ సామాన్ల దగ్గర ఒకే మాట మీద ఉన్నారు. సమయం దగ్గరికి వచ్చేసరికి ఒకరు ఇరవై నిమిషాలంటారు, ఇంకొకరు యాభై అంటారు. ఎవరిదీ అబద్ధం కాదు. ఒకరు వెడల్పు గిన్నెలో పలుచగా పోశారు, మరొకరు లోతైన పింగాణీ గిన్నెలో పోశారు. ఒకరి పాలు వేడిగా ఉన్నాయి, ఇంకొకరివి అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినవి. మంట సంగతి సరేసరి. కాబట్టి నిమిషాలను నమ్ముకుంటే లాభం లేదని, అసలు గిన్నె లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలని కూర్చున్నాను. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు క్యారమెల్. నన్ను బాగా భయపెట్టిన భాగం ఇదే, ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే.

100 గ్రాముల పంచదారకి రెండు పెద్ద చెంచాల నీళ్ళు. నీళ్ళు లేకుండా ఉత్త పంచదారనే కరిగించేవాళ్ళూ ఉన్నారు. అది త్వరగా అవుతుంది కానీ ఒకచోట కరగకముందే మరోచోట మాడుతుంది. కొత్తగా చేసేవాళ్ళకి నీళ్ళ పద్ధతే నయం, మధ్యలో ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. అడుగు మందంగా ఉండి, లోపల తెల్లగా మెరిసే స్టీలు గిన్నె తీసుకోండి. నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో రంగు ఎంతవరకు వచ్చిందో కంటికి ఆనదు. అదే ఉంటే చెంచాతో ఒక చుక్క తీసి తెల్లటి పళ్ళెంలో వేసి చూసుకోవాలి.

నీళ్ళు ఉన్నంతసేపూ పాకం వేడి పెద్దగా పెరగదు, రంగూ రాదు. పెద్ద పెద్ద బుడగలు చప్పుడు చేస్తూ వస్తుంటాయి. నీళ్ళు ఆవిరైపోయేకొద్దీ బుడగలు చిక్కబడి నెమ్మదిస్తాయి, చప్పుడు తగ్గుతుంది. ఆ తర్వాత 160, 170 డిగ్రీల దగ్గర అంచున ఎక్కడో లేత పసుపు కనిపిస్తుంది. అక్కడినుంచి అంతా చకచకా జరిగిపోతుంది. అప్పటిదాకా పక్కనే నిలబడి విసుక్కున్నామా, ఇక రెప్ప వెయ్యడానికి ఉండదు.

గరిటె పెట్టి కలపకూడదని ప్రతి వంటకంలోనూ ఉంటుంది, ఎందుకో చాలామంది చెప్పరు. గిన్నె గోడలకి అంటుకుని ఎండిన పాకంలో పంచదార మళ్ళీ పలుకు కడుతుంది. కలిపినప్పుడు అందులో ఒక్క పలుకు జారి పాకంలో పడితే చాలు, దాని చుట్టూ మిగతాదంతా పలుకు కట్టి, చూస్తుండగానే గిన్నె నిండా తెల్లటి ఇసుక తయారవుతుంది. అందుకే కలపకుండా గిన్నెనే కాడ పట్టుకుని మెల్లగా తిప్పాలి. మొదట్లోనే నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ఇంకా నిశ్చింత. ఆ పులుపుకి పంచదారలో కొంత గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. రకరకాల చక్కెరలు కలిసి ఉన్నచోట పలుకు కట్టడం కష్టం.

ఎప్పుడు దింపాలన్నది రుచికి సంబంధించిన విషయం. లేత రంగులో దింపితే ఉత్త తీపి తప్ప ఏమీ ఉండదు, కింద ఉన్న కస్టర్డ్ కూడా తీపే కాబట్టి రెండూ కలిసి వెగటు పుడుతుంది. ముదురు రాగి రంగు వచ్చి, కాస్త చేదు వాసన ముక్కుకి తగలాలి. ఆ చేదు లేకపోతే ఈ వంటకానికి క్యారమెల్ అవసరమే లేదని నా అభిప్రాయం. అక్కకి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, స్టవ్ పక్కన ఉంచుకుని చేశాను.

"ఎన్ని నిమిషాలు అక్కా?"

"గడియారం ఎందుకే, రంగు చూడు. నీకు కావలసిన రంగుకి ఒక్క మెట్టు ముందే మంట ఆర్పెయ్. గిన్నె వేడికే ఆ మెట్టు ఎక్కుతుంది. పొగ కనిపించిందంటే మాత్రం వదిలెయ్, పారబోసి మళ్ళీ మొదలుపెట్టు. పోయేది పంచదారే కదా."

ఇంకో మాట కూడా చెప్పింది, అది నేను ఎక్కడా చదవలేదు: అచ్చు గిన్నెను ముందే పక్కన పెట్టుకోమంది. నిజమే, క్యారమెల్ తయారయ్యాక గిన్నె కోసం అల్మరాలో వెతుకుతూ కూర్చుంటే అది నల్లబడిపోతుంది. పొయ్యి మీంచి దించగానే అచ్చులో పోసి, గుడ్డతో పట్టుకుని అడుగంతా పరుచుకునేలా వంచి తిప్పాలి. చల్లారుతున్నప్పుడు చిటచిటమని పగుళ్ళు వస్తే కంగారు పడక్కర్లేదు, తర్వాత ఎలాగూ కరిగేదే.

ఇక్కడ జాగ్రత్త మాట ఒకటి. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు. ఇది 170 దాటి ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుని ఊడదు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. పక్కన ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. వేలితో రుచి చూడాలన్న ఆలోచన కూడా వద్దు.

ఇక కస్టర్డ్ మిశ్రమం. నేను స్థిరపడిన కొలత ఇది: అర లీటరు పాలు, మూడు గుడ్లు, దానికి తోడు ఒక పచ్చసొన, 70 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు. తెల్లసొన గట్టిదనం ఇస్తుంది, పచ్చసొన నున్నదనం ఇస్తుంది. పళ్ళెంలోకి బోర్లించి నిలబెట్టాలంటే తెల్లసొన ఉండాల్సిందే. కప్పులోంచే చెంచాతో తినేదయితే తెల్లసొనలు తగ్గించి పచ్చసొనలు పెంచుకోవచ్చు, ఇంకా మెత్తగా వస్తుంది. నాన్న కోసమయితే అదే మంచిది. కానీ బోర్లించినప్పుడు క్యారమెల్ నాలుగు పక్కలా జారడం చూడాలన్న సరదా నాది, కాబట్టి మూడు గుడ్లూ ఉంచాను.

పాలు మరగక్కర్లేదు, ఆవిరి వచ్చేంత వేడెక్కితే చాలు. గుడ్లలో పంచదార కలిపి, అందులో పాలు సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. ఒక్కసారిగా పోస్తే పాలు తగిలినచోట గుడ్డు ఉడికి ముక్కలవుతుంది. చల్లటి పాలతో కూడా చెయ్యొచ్చు కదా అంటే, చెయ్యొచ్చు. అయితే మిశ్రమం చల్లగా ఉంటే మధ్యభాగం వేడెక్కేసరికి అంచులు ఎప్పుడో ఉడికిపోయి ఉంటాయి. గోరువెచ్చగా మొదలుపెడితే ఆ తేడా తగ్గుతుంది.

కలపడం అంటే గిలకొట్టడం కాదు. నురగ వచ్చిందంటే ఆ బుడగలన్నీ పైన గరుకుగా ఉండిపోతాయి. ఫోర్కుని గిన్నె అడుగుకి ఆనించి అటూ ఇటూ జరిపితే చాలు. తర్వాత వడగట్టడం మాత్రం మానకండి. పచ్చసొనను మధ్యలో పట్టి ఉంచే తెల్లటి తీగలు ఎంత కలిపినా కరగవు, జల్లెడలోనే ఆగుతాయి. ఆ తర్వాత పావుగంట కదపకుండా ఉంచి, పైకి తేలిన బుడగలను చెంచాతో తీసేస్తే సరి.

వెనిల్లా గురించి చిన్న పిట్టకథ, వంట ఆగి ఉన్న ఆ పావుగంటకి సరిపోతుంది. వెనిల్లా తీగ పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడి తేనెటీగలు లేనిచోట తీగ పెరిగేది, పూసేది, కాయ మాత్రం కాసేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస కుర్రవాడు సన్నటి పుల్లతో పువ్వు లోపలి పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్దే ఉపాయం కనిపెట్టాడు. వెనిల్లా తోటల్లో ఈనాటికీ ఒక్కో పువ్వుకీ చేత్తో అలాగే చేస్తారు. అంత శ్రమ ఉంది కాబట్టే అసలు వెనిల్లా కాయ అంత ఖరీదు. సీసాల్లో దొరికే ఎసెన్సుల్లో చాలావరకు కృత్రిమంగా తయారుచేసిన వెనిలిన్ అనే వాసన పదార్థమే ఉంటుంది. నేను దాన్నే వాడాను, సిగ్గుపడలేదు. పాలు దించాక వెయ్యాలి, మరుగుతుండగా వేస్తే వాసన ఆవిరితో పోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఉడికించడం.

గుడ్డు తెల్లసొన 62, 65 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది. పచ్చసొన ఇంకాస్త పైన. కానీ పాలు, పంచదార కలిపాక గుడ్డులోని ప్రొటీన్లు ఒకదానికొకటి దూరమవుతాయి, అవి కలిసి వల కట్టడానికి ఎక్కువ వేడి కావాలి. అందుకే కస్టర్డ్ 80 డిగ్రీలు దాటాక గానీ గడ్డకట్టదు. అక్కడినుంచి మరో ఐదారు డిగ్రీలు పెరిగితే ఆ వల బిగుసుకుపోయి, లోపల పట్టుకున్న నీటిని పిండేస్తుంది. చిల్లులు, నీరు కారడం అన్నీ దాని ఫలితమే. అంటే గడ్డకట్టడానికీ, విరిగిపోవడానికీ మధ్య మనకున్న చోటు కొద్ది డిగ్రీలే. మనం వాడే ఆవిరేమో 100 డిగ్రీలు. తంటా అంతా ఇక్కడే ఉంది.

దీనికి నేను చేసింది చెప్తాను. ఒకే మిశ్రమాన్ని ఒకే రకం చిన్న కప్పుల్లో పోశాను. ప్రతి కప్పుకీ అల్యూమినియం ఫాయిల్ కప్పాను, లేకపోతే మూత నుంచి ఆవిరి చుక్కలు పడి పైభాగం గుంటలు పడుతుంది. పెద్ద గిన్నె అడుగున మడతపెట్టిన గుడ్డ వేసి, కప్పుల సగం ఎత్తు వరకు వేడినీళ్ళు పోసి, సన్న మంట మీద మూత కాస్త వారగా పెట్టాను. నీళ్ళు తెర్లకూడదు, అడుగునుంచి ఒకటీ అరా బుడగ రావాలి అంతే. ఒక్కో కప్పునీ ఒక్కో దశలో తీశాను. ఆఖరి కప్పుని మాత్రం కావాలనే మంట పెద్దది చేసి, నీళ్ళు కుతకుతలాడిస్తూ ఉంచాను.

ముందుగా తీసిన కప్పు అంచున మాత్రమే గట్టిపడింది, వంచితే మధ్యలో పాలు కదులుతున్నాయి. తర్వాతి కప్పు అంచులన్నీ నిలిచాయి, మధ్యలో నాణెమంత చోటు మాత్రం మెల్లగా తడితే వణికింది. దాని తర్వాతది తడితే కదల్లేదు. ఆఖరిదాని పైభాగమే పొంగి, పక్కల్లో సన్నటి రంధ్రాలు కనిపించాయి. అన్నిటినీ చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే వరసగా పెట్టుకుని తిన్నాం, నేనూ నాన్నా.

మొదటిది చెంచాతో తాగాల్సి వచ్చింది. వణికిన కప్పు నిలిచింది, చెంచా పెడితే నున్నగా తెగింది, నాలుక మీద పెట్టగానే కరిగిపోయింది. కదలని కప్పు, దింపేటప్పుడు నా కంటికి అన్నిటికన్నా చక్కగా ఉడికినట్టు కనిపించినదే, తింటే కాస్త సాగుతున్నట్టుంది. కుతకుతలాడినదాని అడుగున నీళ్ళు చేరాయి, గుడ్డు వాసన గుప్పుమంది.

ఈ గుడ్డు వాసన మాట దగ్గర కాస్త ఆగాలి. కస్టర్డ్ అంటే ఇష్టం లేదనేవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఇదే. దానికి మందుగా మనం వెనిల్లా ఇంకో చెంచా గుమ్మరిస్తాం. కానీ ఆ కప్పులన్నిటిలోనూ ఒకే గుడ్లు, ఒకే వెనిల్లా. వాసన ఒక్కదానికే వచ్చింది. తెల్లసొనలో గంధకం ఉన్న ప్రొటీన్లుంటాయి, వేడి మితిమీరితే వాటినుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది, మరీ ఎక్కువసేపు ఉడకబెట్టిన గుడ్డుకి వచ్చే వాసన అదే. కాబట్టి తాజా గుడ్లు వాడినా వాసన వస్తోందంటే తగ్గించాల్సింది మంట.

వణికే దశలో దింపితే చాలా? లోపల పచ్చిగా ఉండదా? ఈ టెన్షన్ నాకూ ఉంది. ముఖ్యంగా నోట్లో పుండు మానని మనిషికి పెడుతున్నప్పుడు. వంట థర్మామీటరు తెప్పించి మధ్యలో గుచ్చి చూశాను. నాణెమంత చోటు వణుకుతున్నప్పుడు అక్కడ 80 ఉంది, బయటికి తీశాక గిన్నె వేడికి ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరిగింది. గుడ్డు కలిసిన వంటకాలు 71 డిగ్రీలు దాటితే సురక్షితమని చెప్తారు, అంతకంటే ఇది ఎక్కువే. అక్క నవ్వింది, "కస్టర్డ్‌కి జ్వరం చూస్తున్నావా" అని. నవ్వితే నవ్వింది గానీ, కన్నుకీ డిగ్రీకీ లంకె కుదిరాక ఇక ఆ థర్మామీటరు బయటికి తియ్యాల్సిన పని పడలేదు. వణుకు చూస్తే తెలిసిపోతోంది.

గిన్నె కూడా ఎంచుకోవాలి. పలుచటి స్టీలు గిన్నె వేడిని సూటిగా లోపలికి పంపేస్తుంది. మందపాటి పింగాణీ లేదా గాజు గిన్నె నెమ్మదిగా అందిస్తుంది. స్టీలుదే ఉంటే మంట ఇంకా తగ్గించి, అడుగున గుడ్డ మడతలు పెంచాలి. ఓవెన్ ఉన్నవాళ్ళు 150, 160 డిగ్రీల దగ్గర, వేడినీళ్ళు పోసిన ట్రేలో గిన్నె పెడతారు. ఓవెన్ అంత వేడిగా ఉన్నా ఆ నీళ్ళు ఆవిరవుతూ చల్లబడుతుంటాయి కాబట్టి మరిగే వేడికి చేరవు. కస్టర్డ్‌కి కావలసింది సరిగ్గా అదే. నీళ్ళ ట్రే లేకుండా ఓవెన్‌లో పెడితే నా ఆఖరి కప్పు గతే. ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ పెట్టి చేసేవాళ్ళున్నారు. ఒత్తిడిలో ఆవిరి వేడి 100 కూడా దాటుతుంది, ఈ వంటకానికి అది పనికిరాదని నా ఉద్దేశం. కుక్కర్‌నే మామూలు గిన్నెలా, వెయిట్ పెట్టకుండా వాడుకుంటే ఫరవాలేదు.

ఓపిక లేకపోతే చెడేది మరో చోటుంది. చల్లారిన వెంటనే బోర్లిస్తే పైన కాస్త తడి తప్ప క్యారమెల్ రాదు, మిగతాదంతా గిన్నె అడుగునే గట్టిగా అతుక్కుని ఉంటుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కస్టర్డ్‌లోని తేమను క్యారమెల్ లాక్కుని కరిగి పాకమవుతుంది. కస్టర్డ్ కూడా బిగుస్తుంది. మర్నాడు చాకుతో అంచు చుట్టూ ఒక్కసారి వదులు చేసి, అడుగుని వేడినీళ్ళలో పదిసెకన్లు ముంచి, పైన పళ్ళెం బోర్లించి తలకిందులు చెయ్యాలి. అంచులు పైకున్న పళ్ళెం తీసుకోండి, పాకం టేబుల్ మీదికి కారుతుంది లేకపోతే. ఊడి రాకపోతే గిన్నెని ఒక పక్కకి వంచితే గాలి లోపలికి దూరి జారుతుంది.

నాన్న మొదటి చెంచా తిని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ చేదు బాగుంది. తీపే కాస్త తగ్గించమ్మా" అన్నారు. తగ్గించడం అంటే పంచదార తక్కువ వెయ్యడమేగా అనుకుంటాం, కానీ అక్కడా ఒక మెలిక ఉంది. పంచదార తగ్గేకొద్దీ గుడ్డు కాస్త తక్కువ వేడికే గడ్డకడుతుంది, కాస్త గట్టిగానూ వస్తుంది. 50 గ్రాములతో చేసినప్పుడు ఇంకొంచెం ముందే చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో 50 గ్రాములే ఖాయం, క్యారమెల్ మాత్రం ముదురుగా.

మా పిన్ని గుడ్డు తినదు. ఆవిడ వస్తోందంటే గుడ్డు లేని దారి చూశాను. ఈ అవసరం కొత్తది కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడేది కాదట, ఆవిడ కోసం 1837లో కార్న్‌ఫ్లోర్‌తో (మొక్కజొన్నల నుంచి తీసే తెల్లటి గంజి పిండి) కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఈనాటికీ పెట్టెల్లో దొరికే కస్టర్డ్ పొడి ప్రధానంగా కార్న్‌ఫ్లోరే, దానికి రంగు, వాసన కలుపుతారు.

దీని పద్ధతి పూర్తిగా ఎదురు. గుడ్డు కస్టర్డ్ మరిగిందా చెడిపోయింది. కార్న్‌ఫ్లోర్ కస్టర్డ్ మరగలేదా సరిగా చిక్కబడదు. పిండి రేణువులు 65, 70 డిగ్రీల దగ్గర నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెట్టినా, పూర్తిగా చిక్కబడాలంటే 95 దాకా వెళ్ళాలి. బుడగలు వచ్చాక కూడా ఒక నిమిషం కలుపుతూ ఉంచితేనే పిండి పచ్చివాసన పోతుంది. చెంచాతో తినేదయితే అర లీటరు పాలకి 30 గ్రాములు, బోర్లించాలంటే 40 గ్రాముల దాకా. పిండిని ముందు కాసిన్ని చల్లటి పాలలోనే కలుపుకోవాలి. వేడి పాలలో వేస్తే పైపొర జిగురు కట్టి లోపల పొడిగా ఉండిపోతుంది, ఆ ఉండలు ఇక విడవవు. చల్లారేటప్పుడు పైన తోలు కట్టకుండా ప్లాస్టిక్ కాగితం కస్టర్డ్‌కి తగిలేలా పరచండి. తోలంటే ఇష్టపడేవాళ్ళు వదిలెయ్యండి, మా నాన్న అదే ముందు తింటారు.

పచ్చసొన, కార్న్‌ఫ్లోర్ రెండూ కలిపి చేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గుడ్డు విరుగుతుందన్న భయంతో మరగకముందే దింపేస్తాం. దింపినప్పుడు చక్కగా చిక్కగానే ఉంటుంది, మర్నాటికి నీళ్ళలా అయిపోతుంది. పచ్చసొనలో పిండిని కరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, మరిగితేనే అది పనిచెయ్యడం మానేస్తుంది. పిండి తోడున్నప్పుడు గుడ్డు అంత తొందరగా విరగదు కాబట్టి ధైర్యంగా బుడగలు రానివ్వచ్చు.

పిన్నికి గుడ్డు లేనిది నచ్చింది. నిజం చెప్పాలంటే నాకు రెండూ ఒకటి కావు. పిండిది నోట్లో పూతలా నిలుస్తుంది, గుడ్డుది జారిపోతుంది. కానీ పొద్దుపోయి ఇంటికొచ్చి, పది నిమిషాల్లో వేడివేడిగా తియ్యగా ఏదైనా కావాలంటే పిండిదే దిక్కు, ఆరారగా కప్పులోంచే తాగేస్తాను.

పోతే బ్రెడ్ పుడ్డింగ్. ఇదే గుడ్డు మిశ్రమంలో ఎండిన బ్రెడ్ ముక్కలు అరగంట నానబెట్టి ఉడికించడమే. తాజా బ్రెడ్ కన్నా నిన్నటిదో మొన్నటిదో మంచిది, ఎండినది ఎక్కువ పీలుస్తుంది, ముద్దయిపోదు. మంట కాస్త ఎక్కువైనా బ్రెడ్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి పెద్దగా తేడా తెలియదు. కొత్తవాళ్ళు ముందు ఇది చేసి, తర్వాత కస్టర్డ్‌కి వస్తే సులువు.

గుడ్డుతో చేసినవి చల్లారాక బయట ఉంచకండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. మూడు రోజుల్లో తినేయాలి. ఉల్లి, వెల్లుల్లి వాసనలు త్వరగా పట్టేస్తుంది, మూత పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కరిగాక నీరూ పిప్పీ విడిపోతాయి. క్యారమెల్ అంటుకున్న గిన్నెను గీకడానికి కూర్చోకండి. అందులో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి మరగనిస్తే రెండు నిమిషాల్లో దానంతటదే కరుగుతుంది. గరిటెలు కూడా అందులోనే పడేయండి. మా అక్కయితే గిన్నెలో నీళ్ళకి బదులు పాలు పోసి కాచుకుని తాగేస్తుంది. ముదురుగా తీసిన క్యారమెల్‌తో అది బాగుంటుంది గానీ, మాడినదానితో వద్దు.